కప్పు మీద ఐదు బుడగలు

"బకెట్ మళ్ళీ నిండింది! ఇంకోటి పెట్టనా, లేకపోతే పడవే కొనుక్కురమ్మంటావా?"

కిటికీలోంచి తల బయటపెట్టి బెర్నీ అరుస్తోంది. ఇల్లుగా వాడుకునే క్యాంపర్ బండి కప్పు మీద మోకాళ్ళపై కూర్చున్న మార్వాకి నవ్వే ఓపిక లేదు. ఆమె ఒక చేతిలో వేడిగాలి గన్ను, రెండో చేతిలో ప్లాస్టిక్ బద్ద ఉన్నాయి. సముద్రం మీంచి వచ్చే గాలి వానకోటులోకి దూరి వీపు మీద బుట్టలా ఉబ్బుతోంది. ఒక్క విసురు గట్టిగా తగిలిందంటే కింద కంకర మీద పడి నడుము విరగడం ఖాయం.

వాన తెల్లవారుజామున ఆగింది. రాత్రంతా కప్పు తాగిన నీళ్ళు మాత్రం ఇంకా లోపలికి కారుతూనే ఉన్నాయి. అవి వంటగట్టు మీదో నడవలోనో పడుతుంటే మార్వా ఇంత కంగారు పడేది కాదు. సరిగ్గా జూనీ పడక మీద పడుతున్నాయి.

ఇవాళే పడాలా?

మధ్యాహ్నం మూడింటికి కౌంటీ ఆఫీసు నుంచి మిస్ టెరెల్ వస్తుంది. పిల్లల బాగోగులు చూసే ఉద్యోగిని. మార్వా కూతురు పోర్ట్‌లాండ్‌లో మత్తు మాన్పించే కేంద్రంలో ఉంది. తొమ్మిదేళ్ళ జూనీ వేసవి నుంచి అమ్మమ్మ దగ్గరే ఉంటోంది. అది తాత్కాలిక ఏర్పాటు. పిల్లకి పొడిగా, భద్రంగా ఓ పడక ఉందని మిస్ టెరెల్ ఇవాళ ఒప్పుకుంటే అదే ఖాయమవుతుంది. ఒప్పుకోకపోతే ఇవాళే జూనీని కారెక్కించుకుని తీసుకుపోయి ముక్కూ మొహం తెలియని వాళ్ళింట్లో పెడతారు. పోయినసారి ఆవిడ మొహమాటం లేకుండానే చెప్పింది. "ఇంటికి చక్రాలున్నాయా లేవా అన్నది నాకు అనవసరం మార్వా గారూ. ఇంట్లో తడి ఉందా లేదా అన్నదే కావాలి."

జూనీ బడికి వెళ్ళేటప్పుడు తడిసిన దుప్పటి వంక చూసింది. ఒక్క ముక్క మాట్లాడలేదు. అరిచి ఏడ్చినా మార్వాకి ఇంత భయం వేసేది కాదు.

ఒరెగాన్ తీరంలో నవంబరు వాన మాట వింటుందా? మధ్యాహ్నానికి ఇంకో తుఫాను ఒడ్డు తాకుతుందని పొద్దుటి నుంచీ రేడియో మొత్తుకుంటోంది. పడమటి ఆకాశం అప్పుడే సీసం రంగులోకి తిరిగింది.

మార్వా గన్ను మళ్ళీ నొక్కింది. కప్పు మధ్యలో ఉన్న ఫ్యాను చుట్టూ నీళ్ళు దూరకుండా పోసిన సీలెంట్ జిగురు వేలెడు మందాన ఉంది. వేడిగాలి తగిలితే మెత్తబడుతుంది. అప్పుడు బద్ద అంచు దూర్చి నెమ్మదిగా లేపాలి. ఇనుప చాకు వాడితే క్షణాల్లో అయిపోయే పనే, కానీ కింద ఉన్నది రబ్బరు పొర. ఒక్క గాటు పడిందంటే ఉన్న కన్నం చాలక ఇంకోటి తయారవుతుంది.

క్యాంపర్లలో బతికేవాళ్ళకి ఇది పుట్టుకతో వచ్చిన బుద్ధి లాంటిది. కప్పు కారిందా? ఫ్యాను చుట్టూ సీలెంట్ పోయిందన్నమాట. గీకు, మళ్ళీ పొయ్యి. మార్వా కూడా తెల్లారీ తెల్లారకముందే నిచ్చెనెక్కి, రెండో ఆలోచన లేకుండా గీకడం మొదలుపెట్టింది.

ఇప్పుడు సగం పైన గీకేశాక ఆమెకి ఏదో తేడాగా అనిపిస్తోంది.

"బెర్నీ! ఇది లేవట్లేదే!"

"లేవకేం? ముసలిదానివయ్యావు, జబ్బల్లో బలం తగ్గింది!" బెర్నీ నిచ్చెన సగం వరకూ ఎక్కి తల పైకెత్తింది. అరవై ఆరేళ్ళ మనిషి. ఎర్ర ఉన్ని టోపీ, దాని కింద ముడతల మొహం, ఎప్పుడూ ఎవరినో ఒకరిని ఆటపట్టించే నోరు. "నువ్వు తప్పుకో, నేనొచ్చి పళ్ళతో పీకుతా. పైవరస ఇంకా నాదే."

"అది కాదే. పాడైన సీలెంట్ పొక్కులా లేచొస్తుంది. ఇది చూడు, కరుచుకుని కూర్చుంది. ఆగస్టులో నేను పోసింది పోసినట్టే ఉంది."

"మరి నీళ్ళెక్కడివి? దేవుడు ప్రత్యేకంగా నీ మీద ఉమ్మేశాడా? గీకవే తల్లీ, గీకు. పొద్దు పోతోంది."

బెర్నీ అన్నదీ నిజమే. పొద్దు పోతోంది.

తొమ్మిదేళ్ళుగా ఆ ఇద్దరి బళ్ళూ ఒకదాని వెనక ఒకటి నడుస్తున్నాయి. వేసవిలో ఈ తీరం, చలికాలంలో అరిజోనా ఎడారి. ముందు మార్వా, వెనక బెర్నీ, మధ్యలో వాకీటాకీలో ఆగని కబుర్లు. ఈ ఏడాది మొదటిసారిగా మార్వా దక్షిణానికి కదలడం లేదు. జూనీకి ఇక్కడే బడి. బెర్నీ కూడా ప్రయాణం వాయిదా వేసుకుంది. "నీ పిల్ల సంగతి తేలనీ, అప్పుడు చూద్దాం" అంది. మార్వా లాండ్రీ పనికి వెళ్ళిన మధ్యాహ్నాలు బడి నుంచి వచ్చిన జూనీకి తలుపు తీసేదీ, పాలూ బిస్కెట్లూ పెట్టేదీ బెర్నీయే.

కంకర మీద చక్రాల చప్పుడయింది. బ్యాటరీ బండిలో ప్రూయిట్ వచ్చి ఆగాడు. అద్దెకి బళ్ళు నిలుపుకునే ఈ ట్రైలర్ పార్కుకి కొత్త మేనేజరు. పొట్టి మనిషి, ఇస్త్రీ చొక్కా, నడుముకి తాళాల గుత్తి.

"మార్వా గారూ, దిగండి. స్థలాల్లో రిపేర్లు చెయ్యకూడదని బోర్డు పెట్టాం కదా."

"అయ్యగారొచ్చారు," అంది బెర్నీ. "లేవండర్రా, నిలబడండి."

ప్రూయిట్ ఆమె వంక చూడనైనా చూడలేదు. "పదేళ్ళు దాటిన బళ్ళని పార్కులో ఉంచుకోకూడదన్నది కొత్త నిబంధన. మీది పంతొమ్మిదేళ్ళది. నేను చూసీ చూడనట్టు పోతున్నాను. ఇప్పుడు కప్పు కూడా కారుతోందంటే నా చేతుల్లో ఏముంటుంది?"

మార్వా చెయ్యి ఆగిపోయింది. కప్పు కారుతోందని ఇతనికెవరు చెప్పారు? వారం కిందటే వచ్చి, వచ్చే నెలలోగా బండి తీసెయ్యమని గొణిగి వెళ్ళాడు. ఇంతలో రాత్రికి రాత్రి కప్పు కారడమేమిటి?

"కారుతోందని మీకెలా తెలుసు?" పైనుంచి గట్టిగా అడిగింది.

"పొద్దుట మీ స్నేహితురాలే కదండీ, పార్కంతా వినపడేలా బకెట్లు బకెట్లు అని అరిచింది!"

"అది నిజమేలే," అంది బెర్నీ.

మార్వాకి అనుమానం తీరలేదు. "నా బండి ఇక్కణ్ణుంచి పోతే ఎవరికి లాభమో నాకు తెలుసు ప్రూయిట్ గారూ. మీ దగ్గర నిచ్చెన కూడా ఉంది, రాత్రుళ్ళు చూసేవాళ్ళూ ఉండరు."

ఆ మాటకి ప్రూయిట్ మొహం కందగడ్డలా అయింది. "నేనా? నేను కప్పెక్కుతానా? స్టూలెక్కి బల్బు మార్చాలంటేనే నాకు కళ్ళు తిరుగుతాయి! ఆఫీసులో ఎవర్నయినా అడగండి! బల్బులన్నీ మా ఆవిడే మారుస్తుంది!"

బెర్నీ పగలబడి నవ్వింది. మార్వా మాత్రం అతని మొహం వంకే చూసింది. ఇలాంటి సంగతి ఎవరైనా గొప్పకి చెప్పుకుంటారా? ఆ సిగ్గు నటన కాదు.

"మూడింటికి కౌంటీ ఆవిడ వస్తోంది," అంది, గొంతు తగ్గించి. "కప్పు ముయ్యకపోతే నా మనవరాల్ని తీసుకుపోతారు. నన్ను పంపించాలంటే రేపు పంపించండి. ఇవాళొక్క రోజు వదిలెయ్యండి."

ప్రూయిట్ బండి ఎక్కలేదు. అక్కడే నిలబడి తాళాల గుత్తి తిప్పుతూ ఉండిపోయాడు.

మార్వా మిగతా సీలెంట్ కూడా లేపేసి, స్క్రూలు విప్పి, ఫ్యాను అంచు పట్టీ పైకెత్తింది. అక్కడ కుళ్ళిన చెక్క, నల్లటి బూజు, వేలితో నొక్కితే నీరూరే ప్లైవుడ్ కనపడతాయని గుండె దిటవు చేసుకునే ఎత్తింది.

చెక్క పొడిగా ఉంది. కొత్త బల్లలా తెల్లగా, గట్టిగా ఉంది.

వేలితో తడిమి చూసింది. నాలుగు పక్కలా పొడే. రాత్రి కురిసిన వానలో ఒక్క చుక్క కూడా ఇటునుంచి దిగలేదు. అంటే పొద్దుటి నుంచీ ఆమె గీకి పారేసింది నిక్షేపం లాంటి సీలెంట్. ఇప్పుడు కప్పు మధ్యలో దీపపు గూడంత కంత. అసలు కన్నం ఎక్కడుందో తెలియదు. తుఫాను చూస్తే నెత్తి మీదికొచ్చింది.

మార్వా బద్ద పక్కన పడేసి వెనక్కి కూర్చుంది.

"ఏమైందే?" బెర్నీ గొంతు.

"ఇక్కణ్ణుంచి కాదు."

"ఏమిటి కాదు?"

"నీళ్ళు ఇక్కణ్ణుంచి కాదు! చెక్క పొడిగా ఉంది! ఇంకెక్కణ్ణుంచో వస్తున్నాయి!"

బెర్నీ నిచ్చెన మెట్టు మీద చెయ్యి మార్చుకుంది. తర్వాత గబగబా అంది, "సరే, ముందది మూసెయ్. మూసేసి కప్పంతా ఒక టార్పాలిన్ పట్టా కప్పేద్దాం. ఆవిడ వచ్చి చూసి పోయేదాకా ఆగితే చాలు. కన్నం రేపు వెతుక్కోవచ్చు."

"ఈ గాలికి పట్టా ఆగుతుందా? ఆవిడ ఉండగానే కారితే?"

మార్వా చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. అంచు పట్టీ కింద కొత్త జిగురు ముద్ద పరిచింది. స్క్రూలు బిగించింది. ఈ చలిలో సీలెంట్ పోస్తే గట్టిపడదు కాబట్టి పైన వెడల్పాటి కప్పు టేపు పరిచి, చిన్న రోలరుతో గట్టిగా అదిమింది. కంత మూసుకుంది. వేళ్ళు కొంకర్లు పోయాయి.

"సబ్బు పరీక్ష చేద్దాం," అంది.

"నీకు మతి పోయిందా? టైమెక్కడుంది?" బెర్నీ గొంతు పెరిగింది. "గాలి ఊదే మెషిన్ కావాలి, కిటికీలన్నీ టేపేసి మూయాలి..."

"మెషిన్ నా దగ్గరుంది."

ఇద్దరూ ప్రూయిట్ వైపు తిరిగారు.

"రాలిన ఆకులు ఊదేది," అన్నాడతను, నేరం ఒప్పుకుంటున్నట్టుగా. "పెద్దది. తెస్తాను. నన్ను మాత్రం పైకెక్కమనకండి."

ఈ పరీక్ష క్యాంపర్ల వాళ్ళందరికీ తెలిసిందే. బండి తలుపులు, కిటికీలు బిగించి, ఒక్క కిటికీలోంచి లోపలికి గాలి ఊదుతారు. కప్పు మీద సబ్బునీళ్ళు పోస్తారు. లోపలి గాలి ఎక్కడ దారి దొరికితే అక్కడ బయటికి వస్తుంది. అక్కడే బుడగలు లేస్తాయి.

ప్రూయిట్ మెషిన్ తెచ్చాడు. బెర్నీ లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. కిటికీకి టేపు అంటించడానికి ఆమె మామూలు కంటే ఎక్కువసేపే తీసుకుంది. మార్వా పైనుంచి రెండుసార్లు కేక పెట్టాల్సి వచ్చింది. చివరికి మెషిన్ మోత మొదలైంది. క్యాంపర్ గోడలు సన్నగా వణికాయి.

మార్వా సబ్బునీళ్ళ బకెట్ వంచింది. నురగ ఫ్యాను చుట్టూ తిరిగి పక్కలకి జారింది. ఫ్యాను దగ్గర ఏమీ లేదు. వెనక అంచున ఏమీ లేదు. గాలి గొట్టం దగ్గరా ఏమీ లేదు. ఫ్యానుకి జానెడు దూరంలో స్ప్రూస్ చెట్టు సూదుల్లాంటి ఆకులు తడిసి కుప్పగా పేరుకుని ఉన్నాయి. వాటిని అరచేత్తో పక్కకి నెట్టి, మిగిలిన నీళ్ళు అక్కడ గుమ్మరించింది.

ఒక బుడగ లేచింది.

దాని పక్కన ఇంకోటి. ఆ పక్కన ఇంకోటి. చూస్తుండగానే ఐదు బుడగలు ఒకే వరసలో, కొలిచి పెట్టినట్టు, ఉబ్బి పగిలి మళ్ళీ ఉబ్బాయి.

కుళ్ళిన కప్పు ఎక్కడైనా వరసగా కారుతుందా?

మార్వా వంగి, కళ్ళు దగ్గరగా పెట్టి చూసింది. మేకు పట్టేంత కన్నాలు. ఆమె వేలి కొస వాటి మీదుగా పోయింది. గరుకుగా తగిలింది. ఒక్కో కన్నం చుట్టూ రబ్బరు చిన్న పెదవుల్లా పైకి లేచి ఉంది.

పైనుంచి పొడిస్తే రబ్బరు కిందికి నొక్కుకుపోవాలి. ఇది పైకి లేచింది.

ఎవరో బండి లోపల, ఈ చోటికి సరిగ్గా కింద ఉన్న జూనీ బట్టల అల్మారాలోంచి కప్పులోకి డ్రిల్ పెట్టారు.

ప్రూయిట్ ఈ బండిలో ఏనాడూ అడుగు పెట్టలేదు. తలుపుకి రెండే తాళం చెవులు. ఒకటి ఆమె జేబులో ఉంది. రెండోది బెర్నీ దగ్గర. మధ్యాహ్నాలు లోపల ఉండేది ఇద్దరే. బెర్నీ, జూనీ.

ముందు జూనీయే మనసులో మెదిలింది. పోయిన వారం ఆ పిల్ల దుప్పటి ముసుగులోంచి "నాకు అమ్మ కావాలి. ఈ డబ్బాలో నేనుండను" అని ఏడ్చింది. తెల్లారి ఏమీ ఎరగనట్టు లేచి బడికి పోయింది. తొమ్మిదేళ్ళ పిల్ల ఇంత పని చేస్తుందా? పొద్దుట ఆ తడి దుప్పటి వంక చూసిన చూపు ఏమిటి?

"దొరికిందా?" ప్రూయిట్ కింద నుంచి అరిచాడు.

"దొరికింది! మెషిన్ ఆపండి!" అంది మార్వా. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

మొదటి చినుకు ఆమె చేతి మీద పడింది.

తడి రబ్బరుకి టేపు అంటదు. మార్వా వానకోటు విప్పి కన్నాల మీద గుడారంలా పట్టుకుని, రెండో చేత్తో గుడ్డ పెట్టి తుడవడం మొదలుపెట్టింది. గాలి కోటుని లాక్కుపోతోంది. "పట్టా! ఎవరైనా పట్టా పట్టండి!"

నిచ్చెన కిర్రుమంది. చూస్తే ప్రూయిట్. కళ్ళు గట్టిగా మూసుకుని, పెదాలు కదుపుతూ ఒక్కొక్క మెట్టే ఎక్కుతున్నాడు. పైదాకా వచ్చి, కళ్ళు తెరవకుండానే పట్టా ఒక మూల ఆమెకిచ్చి రెండో మూల రెండు చేతులతో పట్టుకున్నాడు.

"కానివ్వండి. నన్ను మాత్రం మాట్లాడించకండి."

పట్టా కింద మార్వా స్పిరిట్‌తో తుడిచింది. లేచిన పెదవులు ఉంటే టేపు చదునుగా కూర్చోదు. బ్లేడుతో ఐదింటినీ కోసేసింది. గన్నుతో రబ్బరు వెచ్చబెట్టి, టేపు పరిచి, ఒళ్ళంతా బరువేసి రోలరు దొర్లించింది. వాన ఒక్కసారిగా కుమ్మరించింది. నీళ్ళు టేపు అంచుల దాకా వచ్చి, దూరే దారి లేక పక్కకి జారిపోయాయి.

కప్పు మూసుకుంది.

ఆమె దిగేసరికి లోపల హీటర్ భగభగ మండుతోంది. బెర్నీ పరుపుని నిలబెట్టి, తువ్వాలుతో అద్దుతూ వేడిగాలికి ఆరబెడుతోంది. తడి దుప్పట్లన్నీ తన బండికి చేరవేసి, తన దగ్గరున్న మంచి దుప్పటి తెచ్చి మడత పెట్టింది. పడక మీది కప్పుకి లోపలివైపు తడి మరక ఉంది గానీ చుక్క రావడం లేదు. మార్వా గుమ్మంలో నిలబడి చూసింది. పొద్దుటి నుంచీ ఈ మనిషి ఒక్క నిమిషం కూర్చోలేదు. రెండో తాళం చెవి గురించి మనసులో మెదిలిన ఆలోచనకి తనకే సిగ్గేసింది.

బెర్నీ వెనక్కి తిరగకుండానే మెల్లగా అంది. "దాన్ని తిట్టకే. చిన్నపిల్ల."

"ఎవర్ని?"

"జూనీని. తల్లి మీద బెంగ. ఆ అల్మారాలో దూరి ఆడుకుంటుంది కదా, ఏదో తోచక పొడిచి ఉంటుంది. ఆ కౌంటీ ఆవిడకి మాత్రం చెప్పకు. కప్పు పాతదయిందను, సరిపోతుంది."

మార్వా తడి జుట్టులోంచి నీళ్ళు మెడ మీదికి కారుతున్నాయి.

"అల్మారా సంగతి నీకెలా తెలుసు బెర్నీ?"

"నువ్వే కదా, కన్నాలు..."

"దొరికింది అన్నాను. అంతే అన్నాను. లోపల్నుంచి పొడిచారని నేను ఎవరికీ చెప్పలేదు. ప్రూయిట్‌కి కూడా."

బెర్నీ చేతిలో తువ్వాలు ఆగిపోయింది.

మార్వా ఆమెని దాటుకుని వెళ్ళి అల్మారా తలుపు తీసింది. జూనీ చొక్కాలు పక్కకి నెట్టి, చెయ్యి నిటారుగా చాచి పైన తడిమింది. మునివేళ్ళు అందీ అందనట్టు అందాయి. ఐదు చోట్ల మెత్తటి జిగురు ముద్దలు. నీళ్ళు అల్మారాలో పడకుండా బిరడాలు పెట్టారు. అందుకే అవి చెక్క సందుల్లోంచి పాకి పడక మీదికి చేరాయి. జూనీ కుర్చీ వేసుకుని నిలబడ్డా ఇంత ఎత్తున డ్రిల్ పెట్టి, పైకి అదిమి, చెక్కలోంచి తొలిచే శక్తి ఆ పిల్ల జబ్బలకెక్కడిది?

"పిల్ల మీదికి తోసేద్దామనుకున్నావా?" అంది.

"ఒక్క సన్నటి ధార అనుకున్నా," బెర్నీ పరుపు అంచు మీద కూలబడింది. "ఆవిడ వచ్చి తడి చూసి కాదంటుంది. పిల్లని ఎవరో మంచివాళ్ళింట్లో పెడతారు. వాళ్ళమ్మ బాగయ్యాక వాళ్ళమ్మ దగ్గరికే పోతుంది. మనం ఎప్పట్లా ఎడారికి పోతాం. అంతే అనుకున్నా. ఇంత వాన పడుతుందని నాకేం తెలుసు?"

"అది నా మనవరాలే!"

"నాకు కళ్ళు పోతున్నాయే మార్వా!" బెర్నీ అరిచింది. వెంటనే గొంతు పడిపోయింది. "రెండేళ్ళయింది. డాక్టరు బండి నడపొద్దన్నాడు. నీకు చెప్పలేదు. నీ బండి వెనక ఎర్ర లైట్లు చూసుకుంటూ నడిపాను. అవి ఆగితే ఆగాను, తిరిగితే తిరిగాను. అవి ముందు లేకపోతే నేను ఈ పార్కు గేటు కూడా దాటలేను."

కప్పు మీద వాన దడదడ కొడుతోంది. ఆ చప్పుడులో ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మార్వాకి ఆమెని జుట్టు పట్టి బయటికి ఈడ్వాలనీ ఉంది, దగ్గరికి తీసుకోవాలనీ ఉంది. రెండూ చెయ్యలేదు.

తలుపు మీద చప్పుడైంది.

మిస్ టెరెల్ గొడుగు దులుపుకుంటూ లోపలికి వచ్చింది. బడి నుంచి తనే తీసుకొచ్చిన జూనీ ఆవిడ వెనక ఉంది. గుమ్మం బయట, ఒళ్ళంతా తడిసిన ప్రూయిట్ ఇంకా పట్టా పట్టుకునే నిలబడి ఉన్నాడు.

మిస్ టెరెల్ పరుపు నొక్కి చూసింది. పొడిగా ఉంది. తల ఎత్తి మరక చూసింది. వేలు పెట్టింది. వేలికి తడి అంటింది.

"ఇది ఇవాళ్టిది."

"ఇప్పుడు కారడం లేదండీ," ప్రూయిట్ బయటి నుంచి అందుకున్నాడు. "కప్పు మూసేశారు. నేను పైనే ఉన్నాను. అంటే, కళ్ళు మూసుకునే ఉన్నాననుకోండి."

మిస్ టెరెల్ నవ్వలేదు. "ఎందుకు కారింది మార్వా గారూ? కప్పు పాతబడిందా?"

అవునంటే చాలు. ఒక్క మాట. కానీ కప్పు పాతబడిందంటే రేపు ఇంకోచోట కారుతుందన్నట్టే. పంతొమ్మిదేళ్ళ బండి, చెడిన కప్పు. పిల్లని ఇక్కడ ఉంచడానికి ఆవిడ ఎందుకు ఒప్పుకుంటుంది?

"కప్పు బాగానే ఉంది," అంది మార్వా. అల్మారా తలుపు బార్లా తీసి చూపించింది. "ఎవరో లోపల్నుంచి కన్నాలు పెట్టారు."

మిస్ టెరెల్ ఫోను వెలుతురులో పైకి చూసింది. ఆవిడ తిరిగేసరికి మొహంలో మర్యాద తప్ప మరేమీ మిగల్లేదు.

"ఎవరు?"

జూనీ ఆ మొహం నుంచి ఈ మొహానికి చూసింది. చిన్న గొంతుతో అంది, "నేను కాదు అమ్మమ్మా. అడిగితే నా పేరే చెబుతానంది బెర్నీ. కానీ నేను కాదు."

పొద్దుట ఆ పిల్ల నోరు ఎందుకు మూసుకుందో మార్వాకి ఇప్పుడర్థమైంది.

"మార్వా గారూ," మిస్ టెరెల్ నెమ్మదిగా అంది. "ఈ తలుపు తీసుకుని లోపలికి రాగలిగినవాళ్ళెవరో పిల్ల పడక మీద కప్పు తొలిచారంటున్నారు. పిల్ల మాట విన్నాను, ఇప్పుడు మీరు చెప్పాలి. ఎవరో తెలియదని మీరంటే, ఇవాళ జూనీని ఇక్కడ వదిలి నేను వెళ్ళలేను. తెలిసి చెప్పకపోయినా అంతే. వాళ్ళు మళ్ళీ ఈ తలుపు తియ్యరని నాకు తెలియాలి."

బెర్నీ తల ఎత్తింది. ఎర్ర టోపీ కింద ఆ మసక కళ్ళు మార్వా ఎటు నిలబడిందో వెతుక్కున్నాయి. ఆమె చేతిలోని తువ్వాలు మడత మీద మడత పెడుతోంది.

ఒప్పుకుంటుందేమోనని మార్వా ఎదురు చూసింది. బెర్నీ తువ్వాలుకి ఇంకో మడత పెట్టింది. తొమ్మిదేళ్ళ దారి, ఆ దారంతా వాకీటాకీలో నవ్విన గొంతు. ఇప్పుడు పెదవి కదిపితే అదంతా అయిపోతుంది. కదపకపోతే ఈ పిల్ల కారెక్కి వెళ్ళిపోతుంది.

జూనీ చల్లటి వేళ్ళు వచ్చి ఆమె చేతిలో దూరాయి. మార్వా ఆ చేతిని గట్టిగా పట్టుకుని, రెండో చెయ్యి బెర్నీ ముందు చాచింది. "తాళం చెవి ఇచ్చెయ్."

బెర్నీ జేబులోంచి తీసి ఆ అరచేతిలో పెట్టింది.

మార్వా మిస్ టెరెల్ వైపు తిరిగింది.

"కన్నాలు పెట్టింది ఈవిడే. నా స్నేహితురాలు, బెర్నడీన్ వాస్."